ఐదు తెరలు, రెండు కార్డులు



మా బావమరిది తెనాలిలో ట్యాక్సు ప్రాక్టీసు చేస్తాడు. ప్రతి నెలా 14వ తేదీ నుంచి 20వ తేదీ దాకా అతనికి ఫోన్ చెయ్యడం ఇంట్లో అందరం మానేశాం. 14న జీఎస్టీ పోర్టల్లో 2బీ స్టేట్‌మెంట్ వస్తుంది. 20న 3బీ రిటర్నుకి గడువు. ఆ నడుమ వారం రోజులూ తన దగ్గరికొచ్చే వ్యాపారుల కొనుగోళ్ల లెక్కల్ని ఆ స్టేట్‌మెంటుతో వరసలు వరసలుగా సరిచూడాలి. అమ్మినవాడు చూపించిన బిల్లు కొన్నవాడి పుస్తకంలో ఉందా? కొన్నవాడు రాసుకున్న బిల్లుని అమ్మినవాడు చూపించాడా? ఒకే మానిటర్ మీద ట్యాలీ, దాని వెనక ఎక్సెల్, దాని వెనక పోర్టల్, ఆ వెనకెక్కడో వాట్సాప్‌లో వచ్చిన బిల్లు ఫొటో. ఒకటి పైకి తెస్తే ఇంకొకటి కిందికి పోతుంది. ఇక్కడ చూసిన అంకె అక్కడికి వెళ్లేలోపు మర్చిపోయి, మళ్లీ వెనక్కి రావడం.

సరిగ్గా ఆ వారంలోనే ఒకరోజు తనే ఫోన్ చేశాడు.

"బావా, ఐదు మానిటర్లు పెడుతున్నాను. రెండో గ్రాఫిక్స్ కార్డు కూడా కొనేశాను. ఆదివారం వచ్చి బిగించి పెట్టు. భోజనం ఇక్కడే."

కొనేశాను అనగానే నాకు సగం కథ అర్థమైంది. నేను పాతికేళ్లు డీటీపీ సెంటర్ నడిపాను. పుస్తకాలూ, పెళ్లికార్డులూ, ఎన్నికల కరపత్రాలూ కంపోజ్ చేయించడం ఎంత పనో, ఆ కంప్యూటర్లు విప్పి బిగించడమూ అంతే పని. మెకానిక్కుని పిలిస్తే రేపొస్తానంటాడు, పెళ్లి ముహూర్తం రేపటి దాకా ఆగదు. అలా చేతికొచ్చిన విద్య ఇది. ఆ విద్య నేర్పిన సంగతి ఒకటుంది: కొన్నాక విప్పి చూసేవాడికీ, విప్పి చూశాక కొనేవాడికీ మధ్య తేడా ఎప్పుడూ రెండు మూడు వేల రూపాయలు ఉంటుంది.

ఆదివారం వెళ్లాను. కార్డు బల్ల మీద పెట్టి ఉంది. జీటీ 710, సెకండ్‌హ్యాండ్. 2016లో వచ్చిన చిన్న కార్డు. ఫ్యాన్ కూడా ఉండదు, అల్యూమినియం రెక్కలతోనే చల్లబడుతుంది. దీన్నెందుకు ఎంచుకున్నావని అడిగాను. "ఉన్న కార్డుకి ఇది తోడైతే స్పీడు కూడా డబుల్ అవుతుందన్నారు బావా" అన్నాడు. ఎవరన్నారో నేనడగలేదు, అతను చెప్పలేదు.

ముందు ఈ స్పీడు సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే చాలామంది జేబులకి చిల్లు పడేది ఇక్కడే. రెండు గ్రాఫిక్స్ కార్డులు కలిసి ఒకే బొమ్మని గీయడం అనేది నిజంగానే ఉండేది. 1998లో 3డీఎఫ్ఎక్స్ అనే కంపెనీ వూడూ 2 కార్డులు రెండింటిని జతచేసి, తెరమీది గీతల్లో సరి గీతలు ఒకటి, బేసి గీతలు ఇంకొకటి గీసేలా చేసింది. దాని పేరు ఎస్‌ఎల్‌ఐ. తర్వాత ఆ కంపెనీ ఆస్తులు ఎన్విడియా చేతికి వచ్చాయి. 2004లో ఎన్విడియా అదే పొట్టి పేరుని వేరే అర్థంతో మళ్లీ తెచ్చింది. మరుసటి ఏడాది ఏటీఐ క్రాస్‌ఫైర్ తెచ్చింది. ఇదంతా ఆటలాడే కుర్రవాళ్ల కోసం. రెండు కార్డులూ దాదాపు కవల పిల్లల్లా ఉండాలి, ఆ ఆట రాసినవాళ్లు దానికి ఒప్పుకోవాలి. కార్డుల ధరలు పెరిగాయి, ఆటలు రాసేవాళ్లకి ఓపిక తగ్గింది. 2021 జనవరి నుంచి కొత్త ఆటలకి ఎస్‌ఎల్‌ఐ ఏర్పాట్లు చెయ్యడం ఎన్విడియాయే మానేసింది. ఇందులో తమాషా ఏమిటంటే, అలా జోడీ కట్టినప్పుడు మామూలుగా మానిటర్లు మొదటి కార్డుకే తగిలించేవారు. రెండోది వెనక నుంచి గీతలు గీసి అందిస్తుంది తప్ప, దాని పోర్టులు ఉన్నా లేనట్టే. అంటే మనకి కావలసిన దానికి పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం.

మనకి రెండో కార్డు బలానికి కాదు, పోర్టులకి. ఇంటికి రెండో వాకిలి పెట్టుకున్నట్టు. రెండో వాకిలి పెడితే ఇల్లు పెద్దదవదు, మనుషులు రావడానికీ పోవడానికీ ఇంకో దారి ఏర్పడుతుంది, అంతే. ఎక్సెల్‌కీ ట్యాలీకీ గ్రాఫిక్స్ కార్డు చేసే పని చాలా కొంచెం. ఆ కొంచెం పనిని ఐదు తీగల్లోంచి ఐదు తెరలకి పంపించడమే ఇక్కడ అవసరం.

ఇక కేబినెట్ పక్క రేకు తీశాను. దాన్నే అందరం సీపీయూ అంటాం. అసలు సీపీయూ లోపల ఫ్యాను కింద అగ్గిపెట్టెంత ఉంటుంది పాపం, పేరు మాత్రం డబ్బాకి పోయింది. లోపల హెచ్610 చిప్‌సెట్ మదర్‌బోర్డు. అందులో పొడుగు స్లాట్ ఒకటే. దాంట్లో అప్పటికే జీటీఎక్స్ 1650 కార్డు కూర్చుని ఉంది, కొడుకు ఆటల కోసం రెండేళ్ల కిందట పెట్టించింది. దాని కింద రెండు పొట్టి స్లాట్లు, ఒక్కొక్కటీ బొటనవేలి పొడుగు కూడా లేదు. కొన్న కార్డుకి ఉన్నది పొడుగు పళ్లవరస. మా బావమరిది ఆ కార్డు పట్టుకుని ఒకసారి స్లాట్ వంకా, ఒకసారి నా వంకా చూశాడు.

"కొద్దిగా నొక్కితే?"

"నొక్కితే మదర్‌బోర్డు కూడా కొనాలి."

ఈ స్లాట్ల గురించి రెండు ముక్కలు. వీటిని పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లంటారు. లోపల లేన్లుంటాయి. పొట్టిదాంట్లో ఒక లేన్, పొడుగుదాంట్లో పదహారు. మానిటర్లకి పదహారు లేన్లు కావాలా అంటే, లెక్క చూడండి. ఫుల్ హెచ్‌డీ తెర అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. చుక్కకి 4 బైట్లు వేసుకుంటే, తెర ఒకసారి నిండటానికి సుమారు 8 ఎంబీ. సెకనుకి 60 సార్లు మొత్తం తెరని మార్చినా 500 ఎంబీ దగ్గర ఆగుతుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరంలో ఒక్క లేనే సెకనుకి దాదాపు 1000 ఎంబీ మోస్తుంది. పైగా ఎక్సెల్ షీటు సెకనుకి అరవై సార్లు మారదు, మనం ఒక అంకె కొట్టినప్పుడు ఒక గడి మారుతుంది. కాబట్టి ఆఫీసు పనికి పొట్టి స్లాట్ చాలు. కార్డు అందులో పట్టాలి, అదీ చిక్కు. పొట్టి పళ్లవరసతో వచ్చే కార్డులున్నాయి. ఇదే జీటీ 710 నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులతో, పొట్టి స్లాట్‌కి సరిపోయేలా కూడా ఒకటి వచ్చింది. మావాడు కొన్నది అది కాదు.

రెండు పొడుగు స్లాట్లున్న పెద్ద బోర్డులు ఉన్నవాళ్లు సంతోషించవచ్చు, కానీ రెండో పొడుగు స్లాట్ చాలా బోర్డుల్లో పొడుగు మాత్రమే పదహారు, లోపల తీగలు నాలుగే. ఆటలకి ఆ తేడా తెలుస్తుందేమో గానీ మానిటర్లకి తెలియదు. అంతకన్నా ముందు చూసుకోవాల్సింది చోటు. మొదటి కార్డు రెండంతస్తుల లావుంటే కింది స్లాట్‌ని కప్పేస్తుంది, కప్పకపోయినా దాని ఫ్యాన్లకి గాలి ఆడదు. మన ఊళ్లలో ఏప్రిల్ నెల ఎలా ఉంటుందో కార్డు తయారుచేసినవాడికి తెలియదు. కరెంటు సంగతి సులువే: పొడుగు స్లాట్ తనంతట తాను 75 వాట్ల దాకా ఇస్తుంది. జీటీ 710 ఇరవై వాట్ల లోపు తింటుంది, జీటీ 1030 ముప్పై. వీటికి ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరే తీగ లాగక్కర్లేదు.

సరే, పొడుగు స్లాట్ ఇంకొకటి ఉండి కార్డు పట్టిందనుకుందాం. గండం గడిచినట్టేనా? లేదు, డ్రైవరు దగ్గర ఇంకొకటి కాచుకుని ఉంది. జీటీ 710 లోపలున్నది కెప్లర్ తరం చిప్పు, 2012 నాటి సంతతి. 2021 అక్టోబరు నుంచి వచ్చిన ఎన్విడియా కొత్త వరస డ్రైవర్లలో ఆ తరానికి చోటు లేదు. 1650 అయితే 2019 కార్డు, దాన్ని కొత్త డ్రైవర్లు గుర్తుపడతాయి. ఒక కంప్యూటర్లో రెండు వయసుల ఎన్విడియా డ్రైవర్లని పక్కపక్కన కాపురం పెట్టించడం అయ్యే పని కాదు. కొత్తది వేస్తే 710 మూగబోతుంది, ఆ రెండింటినీ ఎరిగిన 470 వరస పాత డ్రైవరు వేస్తేనే ఇద్దరూ పలుకుతారు. అప్పుడు కొడుకు కొత్త ఆట పెట్టుకుని డ్రైవరు పాతదైందని గొణుగుతాడు. అందుకే ఒకే కంపెనీ కార్డులు రెండు పెట్టేవాళ్లు వాటి వయసుల మధ్య ఎక్కువ దూరం లేకుండా చూసుకోవాలి. విచిత్రంగా, వేర్వేరు కంపెనీల కార్డులకి ఈ పేచీ తక్కువ. ఇంటెల్ డ్రైవరు ఇంటెల్‌ది, ఎన్విడియా డ్రైవరు ఎన్విడియాది. తోటికోడళ్లు వేరింటి కాపురాలు పెట్టుకున్నట్టు ఎవరి పొయ్యి వాళ్లది.

ఇలా వేర్వేరు కంపెనీల కార్డులు పెట్టడం అన్ని రోజుల్లోనూ ఇంత సుఖంగా లేదు. విండోస్ విస్టా రోజుల్లో కార్డులన్నీ ఒకే డ్రైవరుతో నడవాల్సిందే, వేర్వేరు కంపెనీలవి పెడితే ఒకటి నిద్రపోయేది. 2009లో విండోస్ 7 వచ్చాక ఆ పట్టు వదిలింది.

చెల్లెమ్మ, అంటే మావాడి భార్య, టీ తెచ్చింది. "అన్నయ్యగారూ, ఇది ఇవాళ్టికి అవుతుందా? ఆ మానిటర్లు మంచం మీద పెట్టారు, పిల్లాడు ఎక్కడ పడుకోవాలి?" అంది. అవుతుందమ్మా అన్నాను, అప్పటికి ఎలా అవుతుందో నాకూ తెలియకుండానే.

టీ తాగుతుంటే మేనల్లుడు అడిగాడు. "మావయ్యా, మీ రోజుల్లో రెండు మానిటర్లు ఉండేవా?"

ఉండేవిరా అన్నాను. మా కన్నా ముందు రోజుల్లో కూడా ఉండేవి. 1981లో మొదటి ఐబీఎం పీసీ వచ్చినప్పుడు రెండు రకాల డిస్‌ప్లే కార్డులు అమ్మారు. అక్షరాలు మాత్రమే చూపించే మోనోక్రోమ్ కార్డు ఒకటి, రంగులు చూపించే సీజీఏ ఇంకొకటి. మెమరీలో వాటి చిరునామాలు వేర్వేరు చోట్ల పెట్టడం వల్ల రెండు కార్డులూ ఒకే డబ్బాలో గొడవపడకుండా ఉండగలిగేవి. ప్రోగ్రాములు రాసేవాళ్లు దీన్ని భలేగా వాడుకున్నారు. రంగుల తెర మీద తమ ప్రోగ్రాము, ఆకుపచ్చ అక్షరాల తెర మీద దాని తప్పులు పట్టే డీబగ్గరు. 1987లో ఆపిల్ వాళ్ల మాకింటాష్ 2కి ఆరు స్లాట్లుండేవి. ప్రతి స్లాట్‌లో ఒక వీడియో కార్డు పెట్టి ఆరు తెరల మీద ఒకే డెస్క్‌టాప్‌ని పరిచేసేవారు. ఆ డబ్బుతో ఆ రోజుల్లో మన ఊళ్లో ఒక ఇల్లు వచ్చేదని నా అంచనా.

మా సెంటర్‌కి ఆ వైభోగం విండోస్ 98తో వచ్చింది. విండోస్ తొమ్మిది మానిటర్ల దాకా ఒప్పుకోవడం దాంతోనే మొదలు. అప్పట్లో కార్డుకి పోర్టు ఒకటే, కాబట్టి ఇంకో మానిటర్ అంటే ఇంకో కార్డే, వేరే మాట లేదు. నా కంప్యూటర్లో ఏజీపీ స్లాట్‌లో ఒక కార్డుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, పీసీఐ స్లాట్‌కి సరిపోయే ఎస్3 వర్జ్ కార్డు తెచ్చి పెట్టాను. బిగించి ఆన్ చేస్తే ముందు ఏ మానిటర్ వెలగాలో బయోస్ నిర్ణయించేది. అందులో "ఇనిట్ డిస్‌ప్లే ఫస్ట్" అని ఒక వరస ఉండేది, దాంట్లో పీసీఐ అని పెట్టాలా ఏజీపీ అని పెట్టాలా అన్న ఒక్క మాట మీద నాకు ఒక రాత్రంతా పోయింది. పొద్దున్నే రెండో తెర వెలిగింది. పేజ్‌మేకర్‌లో పేజీ ఒక తెర మీద నిండుగా, రంగుల పాలెట్టూ స్టైల్స్ పాలెట్టూ అన్నీ రెండో తెర మీద. అప్పటి దాకా ఆ పాలెట్లు పేజీ మీద పడి అను ఫాంట్‌లో కంపోజ్ చేసిన వరసల్ని కప్పేస్తూ ఉండేవి. ప్రూఫు చూసే మేష్టారొచ్చి, "ఏమిటయ్యా, పేజీ ఇంత ఖాళీగా ఉంది" అని అడిగారు.

ఒక చిక్కు మాత్రం పుస్తకాల్లో ఎవరూ చెప్పలేదు. అవి పెద్ద పొట్ట ఉన్న సీఆర్‌టీ మానిటర్లు. రెండూ దగ్గరగా పెడితే ఒకదాని అయస్కాంత క్షేత్రం రెండోదాన్ని కదిపేది. అక్షరాలు ఎండమావిలా సన్నగా అలలు పోయేవి. మధ్యలో జానెడు ఎడం పెట్టి, రెండింటి రిఫ్రెష్ రేటు ఒకటే చేస్తే గానీ కుదుటపడలేదు.

తర్వాత్తర్వాత రెండో కార్డు అవసరమే తగ్గుతూ వచ్చింది. 1999లో కెనడాకి చెందిన మ్యాట్రాక్స్ జీ400 ఒకే కార్డుకి రెండు పోర్టులు పెట్టి రెండు తెరల్ని విడివిడిగా నడిపించింది. పదేళ్ల తర్వాత, 2009లో, రేడియాన్ 5000 వరసలో ఒక్క కార్డు ఆరు తెరల దాకా నడపగలదని ఏఎండీ చూపించింది. ఎన్విడియా కార్డులు మాత్రం చాలాకాలం రెండు తెరల దగ్గరే ఆగిపోయాయి. వెనక మూడు పోర్టులున్నా ఒకేసారి వెలిగేవి రెండే. 2012లో కెప్లర్ తరంతో నాలుగుకి పెరిగింది. అందుకని పాత కార్డు కొనేటప్పుడు వెనక పోర్టుల్ని లెక్కపెట్టి మోసపోకండి. ఎన్ని బిగించవచ్చో, ఎన్ని ఒకేసారి వెలుగుతాయో వేర్వేరు లెక్కలు.

టీ గ్లాసు పక్కన పెట్టి మళ్లీ డబ్బా దగ్గరికి వెళ్లాను. 1650 వెనక మూడు పోర్టులు: ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లే పోర్టు, ఒక డీవీఐ. మూడూ ఒకేసారి వెలుగుతాయి. ఇంకా రెండు తెరలు మిగిలాయి. అప్పుడు మదర్‌బోర్డు వెనక భాగం చూశాను. యూఎస్‌బీల పక్కన ఒక వీజీఏ, ఒక హెచ్‌డీఎంఐ. వాటికి ప్లాస్టిక్ మూతలు పెట్టి ఉన్నాయి.

"ఇవి పనిచెయ్యవు బావా, మొదట్లో పెట్టి చూశాను. నో సిగ్నల్ అంటుంది" అన్నాడు.

బిల్లు తీసుకురా అన్నాను. ట్యాక్సు మనిషి కదా, ఒక్క నిమిషంలో ఫైల్లోంచి బిల్లు వచ్చింది. ప్రాసెసరు ఐ5 12400. వెనక ఎఫ్ అక్షరం లేదు.

ఈ ఒక్క అక్షరం గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం దండగ. ఇంటెల్ ప్రాసెసర్ల అంకె చివర ఎఫ్ అని ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. ధర కాస్త తక్కువ అని షాపుల్లో ఎఫ్ ఉన్నదే ఎక్కువ అంటగడతారు. అలాంటిదైతే బోర్డు వెనక పోర్టులు ఎన్ని ఉన్నా ఉత్త బొమ్మలే. ఎఫ్ లేకపోతే ప్రాసెసర్‌లోనే ఒక చిన్న గ్రాఫిక్స్ భాగం ఉంటుంది. ఏఎండీలో 5000 వరస రైజెన్లు కొనేవాళ్లు చివర జీ అక్షరం ఉందేమో చూసుకోవాలి. 7000 వరసలో ఎఫ్ లేనివాటన్నింటికీ గ్రాఫిక్స్ ఉంది. మావాడి ప్రాసెసర్‌లో ఉన్నది యూహెచ్‌డీ 730. దానికి నాలుగు తెరల దాకా నడిపే శక్తి ఉంది. మనకి కావలసింది రెండు.

అంటే మా బావమరిది కొనాలనుకున్న రెండో కార్డు ఆ డబ్బాలోనే ఉంది. కొన్న రోజు నుంచీ నిద్రపోతూ ఉంది. ఎందుకు నిద్రపోయిందంటే, పొడుగు స్లాట్‌లో కార్డు కనపడగానే చాలా మదర్‌బోర్డులు తమ సొంత గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి. పట్నం నుంచి అల్లుడొచ్చాడని ఇంటి కుర్రాడు మంచం ఖాళీ చేసినట్టు. దాన్ని మనమే పిలిచి లేపాలి.

లేపడం ఇలా. కంప్యూటర్ ఆన్ చేస్తూనే డిలీట్ మీటగానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే బయోస్ తెరుచుకుంటుంది. అందులో ఒక్కో కంపెనీ ఒక్కో మాట రాస్తుంది. ఐజీపీయూ మల్టీ మానిటర్ అనో, ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ అనో, ఇంటర్నల్ గ్రాఫిక్స్ అనో ఉంటుంది. అది ఆటోలో ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చెయ్యాలి. ఆ దగ్గర్లోనే ప్రైమరీ డిస్‌ప్లే అని ఇంకోటుంటుంది. దాంట్లో పీఈజీ లేదా పీసీఐఈ అని పెడితే కంప్యూటర్ లేచేటప్పుడు మొదటి అక్షరాలు కార్డుకి తగిలించిన నడిమి మానిటర్ మీదే వస్తాయి. ఇది మర్చిపోతే తర్వాతి సారి బయోస్‌లోకి వెళ్లాలన్నప్పుడు ఆ అక్షరాలు మూలనున్న పాత మానిటర్ మీద వస్తాయి, మనం వెలగని తెర వంక చూస్తూ కూర్చుంటాం. పావుగంట నేనూ కూర్చున్నాను, అనుభవంతో చెబుతున్నాను.

ఎఫ్10 నొక్కి, సేవ్ చేసి, విండోస్ లేచాక ఇంటెల్ డ్రైవరు వేశాను. డివైస్ మేనేజరులో డిస్‌ప్లే అడాప్టర్లు అన్నచోట రెండు పేర్లు వచ్చాయి. ఆ చిన్న గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యాంలోంచి కొంత అప్పు తీసుకుంటుంది. 8 జీబీ ఉన్నవాళ్లు ఇంకో 8 వేసుకుంటే ఊపిరాడుతుంది.

ఇక కేబుళ్లు. ఇక్కడ అందరూ అడ్డదిడ్డంగా కొంటారు. మావాడి ఐదు మానిటర్లలో మూడు 24 అంగుళాలవి, హెచ్‌డీఎంఐ ఉన్నవి. ఒకటి పాత 18.5 అంగుళాలది, ఇంకొకటి అంతకన్నా పాత చతురస్రం 17 అంగుళాలది. ఆ రెండింటికీ వీజీఏ ఒక్కటే గతి. కార్డు హెచ్‌డీఎంఐ నుంచి మొదటిదానికి మామూలు తీగ. డిస్‌ప్లే పోర్టు నుంచి రెండోదానికి డీపీ టు హెచ్‌డీఎంఐ తీగ. ఈ తీగకి దిక్కు ఉంటుంది, గుర్తుంచుకోండి. డీపీ వైపు కంప్యూటర్‌కి, హెచ్‌డీఎంఐ వైపు మానిటర్‌కి. తిప్పి పెడితే ఎంతకాలం ఎదురుచూసినా బొమ్మ రాదు. డీవీఐ నుంచి మూడోదానికి డీవీఐ టు హెచ్‌డీఎంఐ. రెండింటిలో పారేది ఒకే రకం డిజిటల్ సంకేతం కాబట్టి మధ్యలో ఏ యంత్రమూ అక్కర్లేదు. చతురస్రం మానిటర్ బోర్డు వీజీఏకి నేరుగా. మిగిలిన 18.5కి బోర్డు హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టరు. దాని పొట్టలో చిన్న చిప్ ఉంటుంది, అందుకే అది ఉత్త తీగ ధరకి రాదు. ఇప్పటి కార్డుల మీదున్న డీవీఐ చాలావరకు డీవీఐ-డీ. అందులో పాతకాలపు అనలాగ్ సంకేతం ఉండదు కాబట్టి, పాత ఇళ్లలో డ్రాయరులో దొరికే తెల్ల డీవీఐ టు వీజీఏ ముక్క దానికి పనికిరాదు.

4కే మానిటర్ ఉన్నవాళ్లకి ఒక మాట. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కేని సెకనుకి 30 సార్లే చూపిస్తుంది. మౌస్ బాణం బురదలో నడుస్తున్నట్టుంటుంది. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ, డిస్‌ప్లే పోర్టు 1.2 గానీ ఉండాలి.

ఐదూ వెలిగాయి. అయితే ఐదింటి మీదా అక్షరాలు వెలిగినంత మాత్రాన పని అయినట్టు కాదు. మౌస్‌ని కుడికి తోస్తే ఎడమ చివరి తెర మీద తేలింది. మేనల్లుడు పడీ పడీ నవ్వాడు. విండోస్‌కి మన బల్ల కనపడదు కదా. ఏ మానిటర్ ఎటు ఉందో మనం చెప్పాలి. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్తే తెరలన్నీ అంకెలు వేసిన పెట్టెల్లా కనిపిస్తాయి. ఐడెంటిఫై నొక్కితే ప్రతి మానిటర్ మీదా దాని అంకె పెద్దగా వస్తుంది. అది చూసుకుంటూ పెట్టెల్ని బల్ల మీద ఉన్న వరసలోకి జరపాలి. పక్కపక్కనే కాదు, ఎత్తు కూడా. నడిమి మానిటర్ కన్నా పక్కది రెండంగుళాలు కిందికుంటే పెట్టె కూడా కొంచెం కిందికి జరపాలి. లేకపోతే మౌస్ అంచు దగ్గర గోడకి తగిలినట్టు ఆగిపోతుంది. దేని మీద కిందిపట్టీ, గడియారం ఉండాలో దాన్ని మెయిన్ డిస్‌ప్లే చెయ్యాలి. అది కార్డుకి తగిలించినదే అయి ఉండటం మంచిది. కొడుకు ఆట కూడా అక్కడే ఆడాలి. ఆట కిటికీని బోర్డుకి తగిలించిన తెర మీదికి లాగితే, కార్డు గీసిన ప్రతి బొమ్మనీ రెండో గ్రాఫిక్స్‌కి మోసుకెళ్లి ఇవ్వాలి. అక్కడ కాస్త ఈడుపు కనిపిస్తుంది. ఎక్సెల్‌కి ఈ బాధ లేదు.

24 అంగుళాల వాటిలో ఒకదాన్ని నిలువుగా తిప్పి పెట్టాను. ఆ సెట్టింగుల్లోనే పోర్ట్రెయిట్ అని ఉంటుంది. ఏ4 బిల్లు మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది, కిందికి లాగక్కర్లేదు. మా బావమరిదికి ఆ రోజు అన్నింటికన్నా నచ్చింది ఇదే. ఐదు మానిటర్ల కన్నా ఈ ఒక్క తిప్పుడు అతని పనికి ఎక్కువ ఉపయోగపడిందని నా ఉద్దేశం. కిటికీని ఒక తెర నుంచి ఇంకో తెరకి మౌస్‌తో లాక్కెళ్లడం మాని, విండోస్ మీట, షిఫ్ట్, బాణం మూడూ కలిపి నొక్కడం నేర్పాను. ట్యాలీ ఎగిరి పక్క తెర మీద వాలింది.

ఒక హెచ్చరిక. డిస్‌ప్లే పోర్టుకి తగిలించిన మానిటర్‌ని బటన్‌తో ఆపితే, అది అసలు లేదనుకుని విండోస్ దాని మీది కిటికీలన్నీ పక్క తెరల మీదికి తోసేయవచ్చు. భోజనానికి వెళ్లి వచ్చేసరికి సంత కలిసినట్టుంటుంది. విండోస్ 11లో అవి తిరిగి తమ చోటికి పోయే ఏర్పాటుంది. అయినా మధ్యాహ్నం పూట మానిటర్ బటన్లు ఆపకపోవడమే మేలు, కాసేపటికి తెరలు వాటంతటవే ఆరిపోతాయి.

యూపీఎస్ మాట నేనెత్తక ముందే కరెంటు పోయి అదే ఎత్తింది. మామూలు 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్లు మోస్తుంది. ఎల్ఈడీ మానిటర్ ఒక్కొక్కటీ ఇరవై, పాతిక వాట్లు. ఐదు మానిటర్లూ, కార్డూ, కంప్యూటరూ అన్నీ దాని మీదే పెడితే మోయడం మోస్తుంది గానీ ఎంతసేపో చెప్పలేం. నడిమి మానిటర్, నిలువు మానిటర్ మాత్రమే యూపీఎస్ మీద ఉంచి, మిగతా మూడూ గోడ ప్లగ్గుకి మార్చాను. కరెంటు పోతే ఆ రెండు చాలు, రిటర్ను సేవ్ చేసుకోవడానికి.

నెల దాటాక, 21వ తేదీన వెళ్లాను. గడువు అయిపోయింది కాబట్టి మనిషి నవ్వుతూ ఉన్నాడు. బల్ల మీద నాలుగే మానిటర్లున్నాయి. 18.5 అంగుళాలది అటకెక్కింది. అది ఉన్న చోట బిల్లుల కట్టా, కళ్లజోడు పెట్టే, మంచినీళ్ల గ్లాసూ ఉన్నాయి. "అటు తిరిగి చూడాలంటే మెడ పట్టేస్తోంది బావా. నాలుగుతో సరిపోతోంది. ఆ కన్వర్టరు కూడా అక్కడే పెట్టాను" అన్నాడు.

మరి ఆ 710 కార్డు? అమ్మినవాడు వెనక్కి తీసుకోనన్నాడు. నేను పట్టుకొచ్చేశాను. మా ఇంట్లో పాత డీటీపీ కంప్యూటర్ ఇంకా ఉంది, విండోస్ 7 మీదే నడుస్తుంది, దాని బోర్డులో పొడుగు స్లాట్ ఎప్పటి నుంచో ఖాళీ. కార్డు ఇప్పుడు అందులో ఉంది. మొన్న రాత్రి పేజ్‌మేకర్ తెరిచి, పాలెట్లన్నీ ఒక్కొక్కటే పక్క మానిటర్ మీదికి జరిపాను.